ఏడంగుళాల వాన

1961 ఆగస్టు 17, గురువారం. ఉదయం పది గంటలకు ఈదులపల్లి చెరువు కింది వరిమడిలో గొల్ల హనుమండ్లు శవం దొరికింది. నోటినిండా బురద. మెడకు చుట్టుకుపోయిన గొంగడి.

ఆనాటి తెల్లవారుజామున ఐదూ నలభైకి చెరువుకట్ట తెగింది. గొర్రెలను మళ్ళించుకొని రావడానికి కట్ట కిందికి దిగిన మనిషి మళ్ళీ పైకి రాలేదు.

సోమవారంనాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ లక్ష్మీకాంతరావు తాలూకా పోలీస్ స్టేషన్‌లో జీపు దిగేసరికి దోషి లాకప్‌లో సిద్ధంగా ఉన్నాడు. అతడు ఊరి నీరటి భూమన్న. చెరువు నీటిని కనిపెట్టుకొని ఉండటం, తూము తెరవడం, మూయడం తాతలనాటి నుంచి అతని ఇంటి వృత్తి. ఏడంగుళాల వాన కురిసిన రాత్రి తూము తెరవలేదనీ, ఆ నిర్లక్ష్యమే ఒక ప్రాణం తీసిందనీ అభియోగం. మరునాడే కోర్టులో హాజరుపరచాలి.

"సాక్ష్యమేంది?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"తాలూకా ఆఫీసు రిజిస్టర్ సార్," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టర్. "ఆ ఉదయం ఎనిమిదిన్నర రీడింగ్. ఏడు అంగుళాల నాలుగు సెంట్లు, అంటే ఏడంగుళాల మీద నూరింట నాలుగు వంతులు. గవర్నమెంటు కొలత."

లక్ష్మీకాంతరావు ఫిజిక్స్ చదివి పోలీసు ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. కొలతంటే ఆయనకు గౌరవం. కొలవకుండా తీర్పు చెప్పేవారిని చూస్తే మాత్రం ఒళ్ళు మండిపోయేది.

లాకప్ తలుపు తెరిపించాడు. భూమన్న పైపెదవి చిట్లి, వాచి ఉంది.

"ఎవరు కొట్టిన్రు?"

భూమన్న సబ్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. సబ్ ఇన్‌స్పెక్టర్ గోడమీది క్యాలెండరు చూడసాగాడు.

"తూము ఎందుకు తెరువలే?"

"ఎందుకు తెరుస్త సారూ? నీళ్ళు మత్తడికి మూరెడు కిందనే ఉండె. నిండని చెరువుకు తూము తీస్తే రైతులు నన్ను బతుకనిస్తరా?"

"ఎన్ని గంటలకు చూసినవు?"

"తొలికోడి కూసినంక. అప్పటికే వాన ఎలిసింది."

"రిజిస్టర్ ఏడంగుళాలంటున్నది."

"రిజిస్టర్ వచ్చి కట్ట మీద నిలవడ్డదా సారూ? నేను నిలవడ్డ. ముప్పై ఏండ్ల సంది నిలవడుతున్న."

ఆ మాటలోని కోపం ఇన్‌స్పెక్టర్‌కు నచ్చింది. అబద్ధమాడేవాడు సాధారణంగా ఏడుస్తాడు.

పదకొండు గంటలకు ఆయన, సబ్ ఇన్‌స్పెక్టర్ మూడు మైళ్ళ దూరంలోని చెరువు దగ్గరికి చేరుకున్నారు. గండి పక్కన ఒక స్త్రీ నిలబడి ఉంది. హనుమండ్లు భార్య కొమురవ్వ.

"పట్టుకపోయిననాడే నీరటోని మొఖం మీద ఉమ్మేసిన సారూ," అన్నది ఆమె, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా. "వానికి ఉరి పడ్తదా?"

"తప్పుంటే శిక్ష పడుతది."

"ఉంటే ఏంది? ఊరంతా చెప్తుంది గదా."

ఆయన కట్ట చివరికి నడిచాడు. చెరువు నిండితే మిగులు నీరు పొర్లిపోయే రాతికట్టే మత్తడి. దాని కింద మోకాలెత్తు గడ్డి నిటారుగా నిలిచి ఉంది. ఒక్క పరక కూడా వాలలేదు. నీరు పొర్లి ఉంటే ఆ గడ్డి చాపలా పరుచుకొని ఉండేది. ఏడంగుళాల వాన పడితే పొర్లకుండా ఉండే చెరువు కాదది.

వెనక్కి వచ్చి గండి అంచున చెయ్యి పెట్టి పిడికెడు మట్టి తీశాడు. పిడికిలి బిగించాడు. విప్పాడు. ఉండ కట్టవలసిన మట్టి వేళ్ళ సందుల్లోంచి జలజల జారిపోయింది.

"ఈ కట్ట ఎవరు బాగు చేయించిన్రు?"

"మే నెలల ఓవర్సీర్ ప్రేమ్‌సాగర్‌రావు గారు సార్."

"ఇది మట్టా, ఇసుకనా?"

సబ్ ఇన్‌స్పెక్టర్ ఆ ఇసుకను చూసి టోపీ సర్దుకున్నాడు.

"నాలుగు రోజులైంది. నువ్వు ఇక్కడికొచ్చి గిది చేతిల పట్టుకొని చూసినవా?"

"రీడింగ్ ఉన్నది గదా అని, సార్..."

"రీడింగ్‌ను కొలిచినవా?"

ఆ ప్రశ్న సబ్ ఇన్‌స్పెక్టర్‌కు అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టర్ జీపెక్కాడు. దారిలో మూడుచోట్ల ఆగాడు: కట్టపని చేయించిన మేస్త్రీ బుచ్చిరాములు ఇంటి దగ్గర, తాలూకా ఆఫీసులోని వానమాపకం దగ్గర, ఓవర్సీర్ డిపార్టుమెంటు స్టోర్ దగ్గర.

మధ్యాహ్నం మూడు గంటలు. ఆయన పిలిపించిన వారంతా తాలూకా ఆఫీసు ఆవరణలో వానమాపకం చుట్టూ నిలబడ్డారు. తెల్లని ఇస్త్రీ బట్టల్లో ఓవర్సీర్ ప్రేమ్‌సాగర్‌రావు. రోజూ వాన కొలిచి రాసే గుమాస్తా అంబదాస్. ఇద్దరు కానిస్టేబుళ్ళ నడుమ భూమన్న. నడిచి వచ్చిన కొమురవ్వ గేటు దగ్గరే నిలబడిపోయింది.

"గొల్లోడు సచ్చిన కేసుల నన్నెందుకు పిలిచిన్రు?" అన్నాడు ప్రేమ్‌సాగర్‌రావు. "పైనుంచి కుండపోతగ వాన పడ్తే కట్ట ఏం చేస్తది?"

"కుండ ఎంత పెద్దదో చూద్దాం," అన్నాడు లక్ష్మీకాంతరావు.

వానమాపకం మూతి మీద అడ్డంగా స్కేలు పెట్టాడు. ఎనిమిది అంగుళాలు. అందులో చేరిన నీళ్ళు పోసి కొలిచే గీతల గాజును తిరగేసి, అడుగున చెక్కిన అంకెను అంబదాస్ చేత చదివించాడు.

"ఐదు, సాబ్."

"ఐదంగుళాల మూతికి చేసిన గాజు. మూతి వెడల్పయినకొద్దీ అదే వానకు ఎక్కువ నీళ్ళు పడుతయి. అందుకే ఏ మూతికి ఆ గాజు. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మార్చకుంటే అది కొలత కాదు, కట్టుకథ. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు. ఐదైదులు ఇరవై ఐదు. రెండున్నర రెట్లకు పైగా పెరుగుతది. మీ ఏడంగుళాల నాలుగు సెంట్లను లెక్క కట్టిన. అసలు వాన రెండూ ముప్పావు అంగుళం."

ఆయన గుమాస్తా వైపు తిరిగాడు.

"అంబదాస్, ఆ రోజు గాజు ఎన్నిసార్లు నింపినవు?"

"పద్నాలుగు సార్లు నింపిన సాబ్. అయినా ఇంకా కొంచెం మిగిలింది."

"ముందు ఎప్పుడన్న అన్నిసార్లు నింపినవా?"

"లేదు సాబ్. నాకే పరేషానయింది. ఓవర్సీర్ సాబేమో గట్టి వాన పడ్డది, రాసుకో అన్నడు."

"పద్నాలుగు సార్లు చెయ్యి వంచినవు. ఒక్కసారి తల ఎత్తి ఆలోచించలేదు. పాత గాజేది?"

అంబదాస్ లోపలికి పరుగెత్తి కాగితపు పొట్లం తెచ్చాడు. పగిలిన సర్కారు వస్తువును సైతం పనికిరాదని కండెమ్ ఆర్డరు రానిదే పారేయకూడదు. ఆ నియమం ప్రకారం అతడు పెంకులన్నీ ఏరి, తేదీ రాసి, బీరువాలో దాచాడు. అడుగు పెంకు మీద ఎనిమిది అంకె స్పష్టంగా ఉంది.

"ఇదెట్ల పగిలింది?"

"ఎనిమిదిన్నరకు నేను కొలువబోతుంటే ఓవర్సీర్ సాబ్ మోచెయ్యి తగిలింది."

"తర్వాత?"

"సాబే సంచిలకెల్లి ఈ గాజు తీసిచ్చిండు."

ప్రేమ్‌సాగర్‌రావు నవ్వడానికి ప్రయత్నించాడు. "పగులగొట్టిన గదా, మారు ఇచ్చిన. నంబరు చూసుకోలే. పొరపాటు మనిషికి గాకుంటే మానుకైతదా?"

"పొరపాటే అనుకుందాం. బుచ్చిరాములు మేస్త్రీ సైకిలు తొక్కి, కట్ట తెగిందని మీకు ఏడు గంటలకు చెప్పిండు. వాంగ్మూలం నా జేబుల ఉన్నది. ఏడున్నరకు మీరు స్టోర్‌ల ఈ గాజు తీసుకున్నరు. స్టోర్‌కీపర్ టైము కూడ వేసిండు. పాత గాజు పగిలింది ఎనిమిదిన్నరకు." ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు ముందుకు వేశాడు. "గాజు పగులకముందే, గంట ముందే, దానికి మారు సంచిలేసుకొని వచ్చిన్రు. ఎందుకు?"

ప్రేమ్‌సాగర్‌రావు ఇస్త్రీ చొక్కా చంకల్లో తడిసింది.

"రెండూ ముప్పావుకు తెగిన కట్టను చూస్తే ఎవరైన ముందుగాల మట్టి తవ్వుతరు, మీరు పోయించిన ఇసుక బయటపడ్తది. ఏడంగుళాలకు తెగితే నీరటిని పట్టుకుంటరు. అందుకే వానను పెంచిన్రు."

"మా బావ హైదరాబాద్ సెక్రటేరియట్‌ల..."

"ఆయన పేరు కూడ రాసుకుంట. అరెస్టు చేయండి."

తరువాత ఇన్‌స్పెక్టర్ సబ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు, అందుకే ఆ మాటలు చెంపదెబ్బల్లా తగిలాయి.

"మూతి కొలువలే, గాజు చూడలే, మట్టి పట్టలే. చెయ్యి మాత్రం లేచింది. ఈయన పెదవి ఎట్ల చిట్లిందో నీ చేతితోనే రిపోర్టు రాయి. సంతకం పెట్టు. విడిచిపెట్టు ఈయనను."

భూమన్న కదలలేదు.

"పో భూమన్నా, ఇంటికి పో."

"ఏ మొఖంతోటి పోవాలె సారూ? నాలుగు రోజులు ఊరంతా నన్ను మనిషిని సంపినోడన్నది. నా పెండ్లాన్ని బాయి కాడ నీళ్ళు చేదనిస్తలేరట. గీ లెక్క అక్కడ ఎవలకు సమజైతది?"

ఇన్‌స్పెక్టర్ కాగితం రాసి ఇవ్వగలడు. దాన్ని చదివేవారు ఊళ్ళో ఎందరు?

గేటు దగ్గర నిలబడిన కొమురవ్వ లోపలికి వచ్చింది. ప్రేమ్‌సాగర్‌రావు ముందు ఆగి అతని ముఖాన్ని చాలాసేపు చూసింది. ఉమ్మలేదు. తరువాత భూమన్న దగ్గరికి నడిచింది.

"లెక్క నాకూ సమజు గాలే," అన్నది. "ఇసుకైతే సమజైంది. నడువు. ముందుగాల నేను నడుస్త. నా మొగుణ్ణి ఎవలు సంపిన్రో నేను చెప్తె, కాదనెటోడెవడో చూస్త."

కొంగు నడుముకు బిగించి ఆమె గేటు దాటింది. ఆమె వెనుక భూమన్న బయలుదేరాడు.