ద్రా లోయలో అరువు కరెంటు

"రేపు పొద్దు గుంకి జగోరా ఊరు ఇఫ్తారుకు కూర్చునే క్షణంలో గ్రిడ్‌ను కూల్చేస్తారట. బ్యాటరీ స్టేషన్‌లో విదేశీ ముఠా మనిషి ఉన్నట్టు సమాచారం. మన ఏజెంటు కూడా ఒకరున్నారు, గుర్తుగా కోడ్ మాట చెబుతారు," అన్నాడు కర్నల్ బెన్నిస్.

ఏజెంట్ ఇద్దెర్ మొదటి అనుమానం లోయ అవతలి సహకార సంఘం మీద. వాళ్లకు సొంత బ్యాటరీలున్నాయి. సంఘం పెద్దావిడ లల్లా తూదా ఇంట్లోకి బూట్లతో వెళ్లి, పిండి బస్తా కోసి, ఏమీ దొరక్క, తప్పయిందని ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేశాడు.

మర్నాడు సోలార్ అద్దాలు కడిగే కూలీ వేషంలో స్టేషన్‌లోకి దూరాడు. మధ్యాహ్నం కంట్రోల్ రూమ్‌లో ఇంజనీరు జహ్వా కనిపించింది. ఎర్ర లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు, ఫోన్‌లో విదేశీయులతో నవ్వులు. ఇద్దెర్‌కు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. ఆమె నోరు విప్పేలోగా గుడ్డ కుక్కి, చేతులు కట్టి, సామాన్ల గదిలో పడేశాడు. స్క్రీన్ మీద బ్యాటరీలు తొంభై శాతం నిండినట్టు ఉంది. పని అయిపోయిందనుకున్నాడు.

సూర్యుడు కొండ అంచుకు దిగాక, ప్రశ్నించడానికి గుడ్డ తీశాడు.

"ఈ ఏడు ఖర్జూరం గాలికి రాలింది," అందామె.

అదే కోడ్. ఇద్దెర్ ఆమెను కంట్రోల్ రూమ్‌లోకి తెచ్చి కట్లు విప్పసాగాడు.

"ముఠాలో చేరినట్టు నటించింది నేనే. మిగతా ముఠా మనుషులు సరిహద్దులో దొరికారు. వాళ్లు పెట్టిన చిచ్చు ఇక్కడే ఉంది. నా చెవికమ్మ తీసి ప్యానెల్‌లో పెట్టు."

పెట్టాడు. కమ్మలోని చిప్ దొంగ ప్రోగ్రామును తుడిచేసింది. స్క్రీన్ మీది దొంగ అంకె తొంభై పోయి అసలు అంకె పన్నెండు కనబడింది.

"నువ్వు కట్టి పడేయకుంటే ఎండ ఉండగానే నింపేదాన్ని. ఇక లల్లా తూదాను అడగాలి. వాళ్ల లైన్ మనదానితో కలిసే ఉంది, స్విచ్ ఆమె చేతిలో ఉంది."

"నువ్వే అడగరాదూ?"

"పిండి బస్తా కోసింది నేనా?"

ఇద్దెర్ ఫోన్ చేశాడు.

"లల్లా, నేను ఇద్దెర్‌ని. నిన్న..."

"తెలుసు నాయనా. పిండిలో గూఢచారులు దొరికారా?"

"తప్పయింది, లల్లా. ఆసుపత్రి చీకటైపోతుంది. మీ కరెంటు కావాలి."

వెనక ఎవరో ఆడమనిషి, "వాడికెందుకివ్వాలి?" అనడం వినబడింది.

"వాడికి కాదే, ఆసుపత్రికి," అంది లల్లా తూదా. "మా పిండిమర ఆపి ఇస్తాం, ఉండు."

అజాన్ మొదలైంది. ఊరంతా దీపాలు ఒక్కసారిగా వెలిగాయి. స్క్రీన్ మీద గ్రిడ్ ఫ్రీక్వెన్సీ గీత కిందికి జారింది, బల్బులు మసకబారాయి. ఇక ఆరతాయనగా లోయ అవతలి నుంచి కరెంటు వచ్చి పడింది. గీత నిలబడింది.

కర్నల్ ఫోన్ చేశాడు. "శభాష్. పతకానికి నీ పేరు రాస్తున్నాను."

"వద్దు సార్. నేను పట్టుకున్నది మన మనిషినే."

ఇద్దెర్ తల దించుకునే ఫోన్ పెట్టేశాడు. తాడు వాతలు తేలిన చేత్తో జహ్వా హరీరా సూప్ గిన్నె ముందుకు తోసింది.

"తాగు. సిగ్గుతో కడుపు నిండదు."