కువాంగ్ తాత ఎడమ చెవి

చైనాలోని చెంగ్డూ నగర శివారులో, కాలవ పక్కన లేయ్ నడిపే టీ దుకాణం తెల్లవారకముందే తెరుస్తారు. ముసలివాళ్ళకి నిద్ర పట్టదు, ఇంట్లో ఆడవాళ్ళు ఆ వేళప్పుడు వీళ్ళ దగ్గు భరించలేరు. అందుకని వెదురు కుర్చీలు చీకటుండగానే నిండిపోతాయి. బొగ్గుల పొయ్యి మీద వరసగా కెటిళ్ళు మరుగుతుంటాయి. మల్లెల టీ వాసన, చుట్ట కంపు, చెమ్మగిల్లిన మట్టినేల వాసన అన్నీ కలిసి ముక్కుకి తగులుతాయి. చలికాలంలో కాలవ మీది పొగమంచు తలుపులోంచి నేరుగా లోపలికొచ్చి కూర్చుంటుంది. ఆ దుకాణంలో టీ తాగని ఘనుడు అదొక్కటే.

యూజెన్ అక్కడ చెవులు శుభ్రం చేస్తుంది. నుదుటికి చిన్న లైటు కట్టుకుని, ఒక చేతిలో సన్నటి ఇనుప గరిట, పట్టకారు, బాతు ఈకలు పట్టుకుని, రెండో చేత్తో రెండు కొమ్ముల ఇనుప శ్రుతిదండం మీటుతూ కుర్చీల మధ్య తిరుగుతుంది. గుయ్‌మనే ఆ మోత వినగానే ముసలివాళ్ళు గంగడోలు నిమిరించుకునే ఆవుల్లా తల పక్కకి వాల్చేస్తారు. చెవిలో ఈక పెట్టి, ఈక కాడకి ఆ మోగే దండాన్ని ఆనిస్తే ఒళ్ళంతా జివ్వుమంటుంది. సగం మంది వచ్చేది ఆ సుఖం కోసమే, గులిమి వదిలించుకోవడానికి కాదు.

అయితే ఆనించేది ఈక కాడకే. చెవిలో ఇనుము ఉండగా శ్రుతిదండాన్ని దరిదాపులకి కూడా తేకూడదు. ఈ పనిలో చేరిన వాళ్ళకి మొట్టమొదట చెప్పే మాట అది. యూజెన్‌కి వాళ్ళ మేనత్త వేళ్ళ మీద కొట్టి మరీ చెప్పింది.

కువాంగ్ తాత బాయిలర్ల ఫ్యాక్టరీలో కుడి చెవిని వదిలేసి పింఛను తెచ్చుకున్న మనిషి. మిగిలింది ఎడమ చెవి ఒక్కటే. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వొద్దని వాళ్ళావిడ ఆన పెట్టింది. ఆయన మాత్రం బడి ఎగ్గొట్టి చుట్ట తాగే కుర్రాడిలా ఆవిడకి తెలియకుండా వచ్చి యూజెన్ దగ్గర తల వాల్చేవాడు.

"అవ్వకి తెలిస్తే నన్ను కాలవలోకి తోస్తుంది తాతా," అనేది యూజెన్.

"తెలిస్తే కదా. అయినా ఇది అప్పుడప్పుడూ శుభ్రం చేయించకపోతే ఆవిడ తిట్లు సరిగ్గా వినపడవే. ఏం తిట్టిందో తెలీకుండా ఎట్లా బతకమంటావ్?"

యూజెన్ ఆ చెవిలో ఎప్పుడూ ఈక తప్ప పెట్టేది కాదు. ఆ రోజు మాత్రం లోతున గట్టిపడిన గులిమి కనిపించి గరిట లోపలికి పెట్టింది. సరిగ్గా అప్పుడే, పాత దుకాణాల వీడియోల కోసం నగరం నుంచి వచ్చిన ఓ అమ్మాయి ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"అక్కా, ఆ మోత సరిగ్గా పడలేదు. ఇంకొక్కసారి మోగించవా? ఇటు చూసి కొంచెం నవ్వు."

యూజెన్ నవ్వింది. దండం మీటింది. చూపు ఫోను వైపు, చెయ్యి చెవి వైపు. ఇనుము ఇనుముకి తగిలింది.

తాత ఉలిక్కిపడ్డాడు. మరిగిన పాల మీది మీగడని పుల్లతో పొడిస్తే ఎట్లా ఉంటుందో, యూజెన్ వేలి కొసకి అట్లా తెలిసింది. గరిట చివర ఎర్రగా ఉంది. ఎవరూ చూడకముందే బొటనవేలితో తుడిచేసింది.

"చాలా బాగా వచ్చింది అక్కా," అంది ఫోను అమ్మాయి, వెళ్ళిపోతూ.

తాత కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "నేల తిరుగుతోందేమిటే? నీ మాట వినపడట్లేదు. గట్టిగా చెప్పు."

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. కర్ణభేరి చిరిగింది, పద డాక్టరు దగ్గరికి అని ఉంటే, ఆ పూటే చేయి పట్టుకుని తీసుకెళ్ళి ఉంటే, చిరిగింది అతుక్కునేదేమో కూడా. కానీ చుట్టూ ముసలివాళ్ళు చూస్తున్నారు. రేపటి నుంచి ఒక్క చెవి కూడా తన ముందు వాలదు. ఆ భయంతో ఆమె ఆయన ముఖానికి దగ్గరగా వంగి, పెదాలు బాగా కదిలిస్తూ అబద్ధం చెప్పింది.

"గులిమి లోపలికి జారింది తాతా, అంతే. రెండ్రోజుల్లో అదే తెరుచుకుంటుంది. ఓ చుక్క ఆవనూనె వేసుకో. ఆసుపత్రికి పోతే ఊరికే భయపెడతారు. ఇంట్లో చెప్పకు."

చెవిలో దూది కుక్కింది. తాత ఆమె పెదాలనే చూసి, అర్థమైందన్నట్టు తలూపాడు. "నీ చేతి మీద నాకు నమ్మకమే," అన్నాడు, చెవిటివాళ్ళు అరిచినట్టు అరిచి. దుకాణంలో అందరూ నవ్వారు.

మర్నాడు పొద్దున పొగమంచులో, జున్ను కొట్టు ముందు రోడ్డు దాటుతుంటే ఇటుకల లారీ ఆయన్ని గుద్దేసింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడట. చెవిటి మనిషి పాపం, ఎవరేం చెయ్యగలరు అన్నారు ఊళ్ళో వాళ్ళు.

కర్మలన్నీ అయ్యాక వాళ్ళావిడ ఆయన టీ కప్పు తీసుకుపోదామని దుకాణానికొచ్చింది. ఆయన కుర్చీలోనే కూర్చుంది. లేయ్ ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

"ముందు రోజు ఊరగాయ జాడీ మూత సరిగ్గా పెట్టలేదని నోటికొచ్చినట్టు తిట్టాను లేయ్. ఎప్పుడూ ఒకటికి రెండు తిరిగి అనేవాడు. ఆ రోజు ఒక్క మాటంటే మాట అన్లేదు. ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. పొద్దున టోపీ మర్చిపోయి పోతుంటే కిటికీలోంచి గొంతు చించుకుని పిలిచాను. వెనక్కి తిరిగి చూళ్ళేదు. అంత కోపం పెట్టుకుని పోయాడు నా మీద. నేను పిలిస్తే పలకనంత కోపం."

లేయ్ బొగ్గుల కోసం పెరట్లోకి వెళ్ళాడు; ఆ వేళకి కుర్చీలన్నీ ఖాళీ. అవ్వ పక్కనున్న యూజెన్ వైపు తిరిగింది.

"చెవిలో దూది ఉందన్నారమ్మా. ఆ ముందు రోజు నీ దగ్గర చెవి చూపించుకున్నాడా?"

"లేదవ్వా," అంది యూజెన్. "ఆయన చెవి నేను ముట్టుకోలేదు."

అవ్వ కప్పు కోటు చాటున పెట్టుకుని వెళ్ళిపోయింది. యూజెన్ ఆ రాత్రి ఇనుప గరిటని మళ్ళీ మళ్ళీ కడిగింది. చావుకి కారణం తను. అది చాలక, ఆయన కోపంతో పోయాడనే దుఃఖాన్ని ఆ ముసలిదాని నెత్తిన పెట్టిందీ తనే. ఒక్క మాట చెప్తే అవ్వ గుండె తేలికపడుతుందని తెలుసు. ఆ ఒక్క మాటే నోరు దాటదు. తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా పొద్దున్నే లేచి, లైటు కట్టుకుని, ఇతరుల చెవుల్లోకి చూస్తూనే ఉంది.

ఓ రోజు పొగమంచు మరీ దట్టంగా ఉంది. యూజెన్ వచ్చేసరికి దుకాణంలో ఇంకా ఎవరూ లేరు. లేయ్ పెరట్లో బొగ్గులు పగలగొడుతున్నాడు, ఆ చప్పుడు వినపడుతోంది. పొయ్యి వెలుగు తప్ప ఇంకో వెలుగు లేదు. ఎప్పటి టీ వాసన కూడా లేదు. తడిసిన ఇటుకపొడి వాసన... దానికింద, వేడెక్కిన ఆవనూనె వాసన.

పెరట్లో చప్పుడు ఆగింది.

కువాంగ్ తాత కుర్చీలో ఎవరో వీపు చూపించి కూర్చుని ఉన్నారు. తల కుడివైపుకి వాలి ఉంది. ఎడమ చెవి పైకి. టోపీ లేదు. నెరిసిన జుట్టు మీద మంచు నీళ్ళై కారుతోంది.

"చెయ్యమ్మా..." అంది గొంతు, గుసగుసగా. "లోపల నిండిపోయింది."

ఆ గొంతు తెలిసిందే. యూజెన్‌కి పారిపోవాలనిపించింది. పారిపోయే హక్కు తనకి లేదని కూడా అనిపించింది. కాళ్ళు వాటంతటవే కుర్చీ దగ్గరికి నడిచాయి. వేళ్ళు లైటు వెలిగించాయి.

చెవిలో దూది ఉంది. పట్టకారుతో పట్టి లాగింది. వచ్చింది... ఇంకా వచ్చింది. తడిగా, వెచ్చగా, వస్తూనే ఉంది. చివరికి తెగింది.

వంగి చూసింది. లైటు లోపలికి పడింది. కర్ణభేరి ఉండాల్సిన చోట చిరిగిన అంచులు. గాలికి కర్టెన్ కదిలినట్టు కదులుతున్నాయి. వెనక అంతా చీకటి. ఆ చీకట్లోంచి... ఏదో చప్పుడు.

తన చెవి దానికి దగ్గరగా పెట్టింది.

మూకుట్లో నూనె చిటపట. తలుపు గడియ. తర్వాత అవ్వ గొంతు, దూరంగా: "జాడీ మూత ఎవరు పెడతారు, మీ అమ్మొచ్చి పెడుతుందా?" రేడియోలో ఎవరో పాడుతున్నారు. గిన్నె కింద పెట్టిన చప్పుడు. అవ్వ మళ్ళీ, ఈసారి మెత్తగా: "సర్లే, తిను, చల్లారిపోతోంది." ఎవరూ పలకలేదు.

యూజెన్‌కి అర్థమైంది. ఆ రోజు తను పొడిచినప్పటి నుంచీ ఆ చెవిని వెతుక్కుంటూ వచ్చిన చప్పుళ్ళివి. లోపలికి పోలేక ఇక్కడే ఉండిపోయాయి.

"ఏమయ్యో... టోపీ... టోపీ మర్చిపోయావ్..." కిటికీలోంచి పిలుపు. మళ్ళీ పిలుపు. గొంతు చిరిగిపోయేలా పిలుపు. కాలవ నీళ్ళ చప్పుడు. "తాతా, తప్పుకో, తప్పుకో." హారన్. ఆగని హారన్. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

ఆగిపోయింది.

ఇంకేం ఉండదనుకుంది యూజెన్. చనిపోయిన మనిషి చెవికి ఇంకేం వస్తుంది? తల పైకెత్తబోయింది. అప్పుడు వినపడింది. చాలా స్పష్టంగా, పక్కనే నిలబడి అన్నట్టు, తన గొంతు.

"లేదవ్వా. ఆయన చెవి నేను ముట్టుకోలేదు."

ఆమె అరచేతి కింద ఆ చెంప మంచులా ఉంది.

"ఇది తియ్యి," అన్నాడు తాత. "ఇదొక్కటే గుచ్చుకుంటోంది."

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?" లేయ్ బొగ్గుల బుట్టతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కుర్చీ ఖాళీ. వెదురు మాత్రం, మనిషి లేచాక కిర్రుమన్నట్టు, మెల్లగా కిర్రుమంది.

యూజెన్ సరంజామా అక్కడే పడేసి, లైటు నుదుటి మీద వెలుగుతుండగానే బయటికి పరిగెత్తింది. కాలవ గట్టు వెంట, జున్ను కొట్టు దాటి, కువాంగ్ వాళ్ళ గుమ్మం దాకా ఆగలేదు. దబదబా తలుపు బాదింది.

అవ్వ తలుపు తీసింది. చేతిలో గంజి గరిటె ఉంది. కంటికి లైటు కొట్టి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటే, ఇంత పొద్దున్నే? ఎవరికేమైంది?"

యూజెన్ చెప్పేసింది. ఆగకుండా, ఏడుస్తూ, అంతా చెప్పింది. ఇనుప గరిట, శ్రుతిదండం, రక్తం, దూది, ఇంట్లో చెప్పొద్దనడం. ఆయనకి కోపం లేదవ్వా, వినపడలేదు, నువ్వు పిలిస్తే వినపడలేదు, అది నా వల్లే, అని చెప్పింది. చెప్పాక అవ్వ ముందు మోకరిల్లింది. గుండె మీద నుంచి బండ దిగినట్టయింది.

అవ్వ కళ్ళు చిట్లించి చూస్తోంది.

"నోరాడిస్తున్నావ్ గానీ గొంతు రావట్లేదేంటమ్మా? జలుబు చేసిందా?"

యూజెన్ తలెత్తింది. "అవ్వా, నా మాట వినపడుతోందా?"

"ఇప్పుడు వినపడింది. చెప్పు, ఏంటి?"

"ఆయన చెవి నేనే చిల్లు చేశాను అవ్వా." తన మాట తనకి శుభ్రంగా వినపడింది. ఇంటి గోడకి తగిలి తిరిగొచ్చింది కూడా.

"మళ్ళీ పోయింది," అంది అవ్వ.

రాసి చూపిద్దామంటే అవ్వకి అక్షరం ముక్క రాదు. యూజెన్ చెవి చూపించింది, పొడిచినట్టు చెయ్యి తిప్పింది. "చెవి నొప్పా? ఆసుపత్రికి పోరాదూ," అంది అవ్వ. యూజెన్ కాదని తలూపి, ఆవిడ చేతులు రెండూ పట్టుకుని, ఒక్కో మాటా విడదీసి మళ్ళీ చెప్పింది. ఇంకా గట్టిగా చెప్పింది. అరిచింది.

అవ్వ ముఖం ముడుచుకుపోయింది. గరిటెలోంచి గంజి గుమ్మం మీద కారుతోంది.

"ఆయనా ఇంతే," అంది. "చివర్లో నాతో ఒక్క మాట లేదు. ఇప్పుడు నువ్వూనా? నేనేం చేశానే అందరికీ?"

యూజెన్ ఎడమ చెవికి చల్లటి ఊపిరి తగిలింది. భుజం మీదుగా ఎవరో వంగినట్టు.

"నీ మాటంతా నాకే వినపడుతోంది," అంది ఆ గుసగుస. "ఆవిడకి చెప్పు..."

యూజెన్ మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. అవ్వ ఆమె పెదాల వంక చూస్తూ నిలబడింది.