బంగారమ్మకు నచ్చిన నేల

క్రీ.శ. 2094 నాటికి విశాఖలో కుక్కల్ని పెంచేవాళ్ళు తగ్గి, ఉడుముల్ని పెంచేవాళ్ళు ఎక్కువయ్యారు. ఉడుము ఎండకు తట్టుకుంటుంది, మొరగదు, పక్కింటివాళ్ళతో తగువు తేదు. డెబ్బయ్యేళ్ళ హన్సిక ముప్పై ఒకటో అంతస్తులోని తన పడగ్గదిని ఐదడుగుల ఉడుము బంగారమ్మకు రాసిచ్చినట్టే ఇచ్చేసి, తను హాల్లో సోఫా మీద సర్దుకుంది.

ఆ గదిలో పరిచింది మామూలు నేల కాదు, ఇష్టనేల. రెండడుగుల మందాన పోసిన మైక్రో గ్రాన్యూల్స్, అంటే ఆవగింజలో పదోవంతు ఉండే యంత్రకణికలు. పైన నిలబడిన ప్రాణి అరికాళ్ళలోని నాడుల్ని చదివి, దానికి ఏది హాయో తెలుసుకుని, ఇసుకగానో గడ్డిగానో మారిపోతాయి. ఉడుముకి ఏ నేల వెయ్యాలా అని యజమాని బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు.

అయినా నెల్లాళ్ళుగా ఆ నేల పాలరాయిలా మెరుస్తూనే ఉంది. ఇప్పుడేమో బంగారమ్మ కడుపులో గుడ్లున్నాయి. తవ్వుకోవడానికి మట్టి దొరికితే గానీ ఉడుము గుడ్లు పెట్టదు. రెండు రోజుల్లో పెట్టకపోతే ప్రాణానికే ముప్పని పశువుల డాక్టరు చెప్పేశాడు. గోళ్ళతో రాతిని గీకుతున్న బంగారమ్మను చూసి హన్సిక ఏడ్చేసింది.

ఆ నేలను కనిపెట్టిన శాస్త్రవేత్త అప్పలసూరి పరుగున వచ్చాడు. తాతలనాటి పేర్లు మళ్ళీ ఫ్యాషనైన రోజుల్లో పుట్టినవాడు. రిమోట్‌తో నేలను మట్టిగా మార్చాడు. హన్సిక లోపల అడుగుపెట్టగానే మళ్ళీ రాయి. అతను ఆవిడ పాదాలకేసి చూశాడు.

“అమ్మా, మీ చెప్పులేవండీ?”

“గుమ్మం బయటున్నాయి. ఇంట్లోకి చెప్పులతో వస్తారేటి బాబూ ఎవరైనా?”

అప్పలసూరి తల పట్టుకున్నాడు. తన ఇంట్లోనూ చెప్పులు బయటే విప్పుతాడు. కానీ ల్యాబులో అందరూ రబ్బరు బూట్లతో తిరిగారు, మనిషి ఒట్టికాలు ఒక్కసారి పడితే ఆ ఇష్టమే నేలలో నిలిచిపోయి, ఉడుము మాట దానికి వినపడదని ఒక్కరికీ తట్టలేదు.

“ఈ పాలరాయి ఎవరి ఇష్టం?” అని నేలనే అడిగాడు.

“హన్సిక గారిది,” అంది నేల, గోడలోని స్పీకర్లోంచి. “ఎదురు ఫ్లాట్ లాస్య గారు గుమ్మం దగ్గర నిలబడి ‘నేల ఎంత నీటుగా ఉందో’ అన్నప్పుడల్లా ఈవిడ ప్రాణం లేచొచ్చేది. అదే ఇష్టమనుకున్నాను.”

హన్సిక సిగ్గుపడిపోయింది. అతను తెచ్చిన రబ్బరు బూట్లు తొడుక్కుంది.

అప్పలసూరి రిమోట్‌తో ఆ పాత ఇష్టాన్ని చెరిపేశాడు. నేల ఇసుకైంది. బంగారమ్మ కాస్త తవ్వేసరికి గొయ్యి కూలిపోయింది. కొబ్బరిపొట్టైంది. బంగారమ్మ మొహం తిప్పుకుంది. చివరికి ఇసుక కలిసిన తడి ఎర్రమట్టి అయింది. బంగారమ్మ నాలుక చాచి వాసన చూసి, తోకదాకా అందులో దూరిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి పంతొమ్మిది గుడ్లు పెట్టి, గొయ్యి పూడ్చి, దర్జాగా బయటికొచ్చింది.

ఆ సంబరంలో హన్సిక బూట్లు విప్పేసి లోపలికి పరుగెత్తింది.

“అమ్మా, ఆగండి. నేల రాయైతే గుడ్లు నలిగిపోతాయి,” అని అప్పలసూరి కేకపెట్టాడు.

అప్పటికే ఆవిడ మట్టిలో ఉంది. నేల గట్టిపడలేదు. ఇంకాస్త మెత్తబడి ఆవిడ కాలివేళ్ళ మధ్యకు ఎక్కింది.

“ఇదేటి బాబూ, నాకు మట్టంటే పడదు కదా,” అంది హన్సిక, అక్కణ్ణుంచి కదలకుండా.

“మీ పాదాలు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదండీ,” అంది నేల.

ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. గుడ్ల కబురు విని లాస్య వచ్చింది. చెప్పులు బయట విప్పి, మొదటిసారి ఆ గది గుమ్మం దాటింది.

“ఛీ, ఏటే హన్సికా ఈ మురికి? నేను క్షణం కూడా నిలబడలేను,” అంది ముక్కు మూసుకుని.

గుడ్లకు దూరంగా, లాస్య నిలబడ్డ మూల మాత్రం నేలలో నీళ్ళు ఊరాయి. చూస్తుండగానే చీలమండల దాకా చల్లటి బురదైంది. లాస్య కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది. సాయంత్రం దాకా బయటికి రాలేదు.