పులివెందుల అనగానే చెడే కారు

కూతురు సహస్రకు రెండు జడలు వేసి, టిఫిన్ డబ్బా చేతికిచ్చి, స్కూలు ఆటో ఎక్కించాక లక్ష్మీప్రియ కారు తాళం తీసుకుంది. ఈ రోజైనా పులివెందుల పోవాలి. అమ్మను తెచ్చుకోవాలి. దేవుడి పటాలకు దండం పెట్టుకుని వెనక కొట్టంలోకి నడిచింది. ఒకప్పుడు అందులో గొర్రెలను కట్టేవాళ్ళు. ఇప్పుడు భర్త శివప్రసాద్ కొన్న తెల్ల కారు ఉంటోంది. అతను కువైట్ నుంచి సెలవు మీద జమ్మలమడుగు వచ్చినప్పుడే అది రోడ్డెక్కేది. మిగతా కాలమంతా ముసుగు కప్పుకుని పడుకునేది. పోయినసారి భార్యకు డ్రైవింగ్ నేర్పించి, "ఇంక దీనికి నువ్వే ఓనరు" అని నవ్వి వెళ్ళాడు.

ఓనరమ్మ తాళం తిప్పింది. సెల్ఫ్ గిర్రున తిరిగింది, ఇంజను మాత్రం అందుకోలేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అదే గోల.

"చెడిందా పాపా?" అని గుమ్మంలోంచి అత్త గొంతు వినిపించింది.

అక్కమ్మ ఎప్పుడొచ్చి నిలబడిందో! "అయ్యో" అని నోటితో అన్నదే గాని ముఖంలో బాధేమీ లేదు. పైగా, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. లక్ష్మీప్రియ కళ్ళు దాన్ని టక్కున పట్టేశాయి.

"పోనీలే. ఇంకో వారం పోదువులే. ఏం తొందరొచ్చింది ఇప్పుడు?"

ఏం తొందరొచ్చిందట! అక్కడ పులివెందులలో అమ్మ ఉమాదేవి స్నానాల గదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి, ఆపరేషనై మంచం మీద ఉంది. భర్త పోయిన మనిషి. లక్ష్మీప్రియ ఒక్కతే కూతురు. పక్కింటి వాళ్ళు రోజూ ఇంత గంజి పోసి చూసుకుంటున్నారు. బస్సు ఎక్కించే పరిస్థితి కాదు, వెనక సీటులో మెల్లగా పడుకోబెట్టి తీసుకురావాలి. అద్దె కారు మాట్లాడతానంటే ఆమే ఒప్పుకోదు. "పరాయి డ్రైవరు ముందర నన్ను ఎత్తి దించుతారా? నీ కారు బాగైనాకే రా" అంటుంది. అసలామెకు కూతురింటికి రావడమే ఇష్టం లేదు. కారు చెడితే ఆమెకూ ఒక సాకు దొరికినట్టే.

అమ్మను ఇక్కడే ఉంచుకునే సంగతి అత్తతో మాట్లాడమని లక్ష్మీప్రియ భర్తకు చెప్పింది. "అమ్మకు నేను చెప్తాలే" అన్నాడతను. అప్పటినుంచి అక్కమ్మ ఔననలేదు, కాదనలేదు. ఆ మౌనమే లక్ష్మీప్రియను తొలిచేస్తోంది. ఇష్టం లేక కాకపోతే ఒక్క మాటైనా అనదా?

పైగా ఈ కారు సంగతి చూడండి. ఒకరోజు అప్పటికప్పుడు అనుకుని ప్రొద్దుటూరు బజారుకు పోతే లక్షణంగా నడిచింది. పులివెందుల అని ముందురోజు చెప్పిందంటే చాలు, తెల్లారేసరికి చచ్చిపడుంటుంది. కారుకు పులివెందుల మీద కోపమా?

మెకానిక్ లాల్ బాషా వచ్చి బానెట్ ఎత్తాడు. లోపల సన్న వైర్లు తెగి వేలాడుతున్నాయి.

"మళ్ళా ఎలకలే అక్కా."

"శనక్కాయల మూటలన్నీ ఆ పొద్దే బయటేయిస్తిమి కదా! నువ్వు చెప్పినట్ల కలరా ఉండలు గూడా పెడితి."

"యాడ పెట్టినావు?"

"ఇదో ఈడనే, బ్యాటరీ పక్కన." చెయ్యి పెట్టి చూసింది. ఒక్క ఉండ కూడా లేదు.

లాల్ బాషా తల గోక్కున్నాడు. "ఎలకలు వైర్లు కొరుకుతాయి గానీ కలరా ఉండల్ని ఎత్తుకోని పోవు కదక్కా. ఎవురో తీసినారు." అంతలో వైర్ల మధ్య నుంచి నల్లటి పోగు ఒకటి లాగి వెలుతురులో పెట్టి చూశాడు. "ఇదేంది, ఎంటికల మాదిరి ఉండాది?"

లక్ష్మీప్రియకు గుమ్మంలో అత్త వదిలిన ఊపిరి గుర్తొచ్చింది. లాల్ బాషా వైర్లు అతికించి వెళ్ళిపోయాడు. ఆమె మనసులో తెగింది మాత్రం అతుక్కోలేదు.

అప్పటినుంచి ఆమె కళ్ళు అత్త వెనకే తిరిగాయి. అక్కమ్మ కొట్టం వైపు పోతే ఎందుకు పోయింది? కొంగు ముడిలో ఏముంది? కత్తిపీట స్థలం ఎందుకు మారింది? బియ్యం ఏరుతూ ఉత్తినే తలెత్తి చూసినా, నన్నే చూస్తోందనిపించేది. అన్నం పెడుతుంటే, ఈ చేత్తోనేగా అనిపించేది. అనుమానం పట్టిన మనిషికి తిన్నది ఒంటికి పడుతుందా?

ఆ పైన ఇంకొకటి జరిగింది. ఉతికిన చీరలు అత్త ట్రంకు పెట్టెలో సర్దుదామని మూత తీసేసరికి గుప్పుమని వాసన కొట్టింది. మడతల మధ్య తెల్లగా, గుండ్రంగా కలరా ఉండలు! తను కారులో పెట్టినవే. ఇంకేముంది, అలాగే ఫోను తీసుకుని డాబా ఎక్కింది.

"మీ అమ్మే కారు చెడగొడతాండాది బావా. వైర్లు కోస్తాండాది."

"ఏం మాటలవి? అమ్మకు కారు తలుపు వెయ్యడమే సరిగ్గా రాదు!" శివప్రసాద్ విసుక్కున్నాడు.

"నేను పెట్టిన కలరా ఉండలు ఆమె పెట్టెలో ఉండాయి. మా యమ్మ ఈ ఇంట్లో అడుగు పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. ఈసారి గూడా కారు చెడిందంటే నేను పిల్లను తీసుకోని పోతా. మళ్ళా ఈ గడప తొక్కను. ముందే చెప్తాండా."

"డ్యూటీకి టైమైంది, రేపు మాట్లాడతా" అని పెట్టేశాడు. అలా తప్పించుకోవడం అతనికి అలవాటే.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, కావాలనే గొంతు పెంచి చెప్పింది. "అత్తా, రేపు పొద్దున పులివెందుల పోతాండా."

అక్కమ్మ చేతిలో ముద్ద ఆగింది. "ఆ ముద్దనూరు ఘాటు రోడ్డు మీదనే పోవాల్నా?"

"ఇంక వేరే దారేముంది? అదే దారి."

అక్కమ్మ గబగబా తిని లేచిపోయింది.

ఎండ తగ్గాక, సహస్రను పక్క వీధిలో అర్చన దగ్గర ట్యూషన్‌కు దింపి వస్తానని చెప్పి లక్ష్మీప్రియ బయలుదేరింది. పిల్లను దింపింది గాని ముందు గుమ్మం నుంచి ఇంట్లోకి రాలేదు. సందులోంచి వెనక్కి వచ్చి కొట్టం తలుపు సందులో కన్ను పెట్టింది.

కారు బానెట్ ఎత్తి ఉంది. అక్కమ్మ నడుముదాకా లోపలికి వంగి ఉంది.

తలుపు ధడాలున తెరుచుకుంది. "ఏం చేస్తాండావు అత్తా?"

అక్కమ్మ అదిరిపడి, చేతిలోనిది కొంగు కింద దాచుకుంది. "ఏం ల్యా పాపా... దుమ్ము తుడుస్తాండా."

"ఇంజను లోపల దుమ్మా? ఏదీ, చెయ్యి చూపీ!"

కొంగు లాగేసరికి నల్లటి కంబళి ముక్క బయటపడింది. దాని మీద పచ్చటి పొడి, గుప్పెడు బొరుగులు, బెల్లం ముక్క. లక్ష్మీప్రియకు లాల్ బాషా లాగిన నల్ల పోగు గుర్తొచ్చింది.

"చేతబడా? మంచంలో ఉండే మా యమ్మ మీద చేతబడి చేస్తాండావా అత్తా!"

"నోరు ముయ్యి!" అక్కమ్మ ఎప్పుడూ అంత గట్టిగా అరిచింది లేదు. "బీరప్ప బండారు అది, మన గొర్రెల దేవుని పసుపు. దాన్ని పట్టుకోని చేతబడంటావా? పో, నోరు కడుక్కోనిరా పో!"

"దేవునిదైతే దొంగమాదిరి ఎందుకు పెడతాండావు?"

"సదువుకున్న దానివి, నవ్వుతావని!" ముసలామె కింద రాలిన బొరుగులు ఏరుకుంది. "మీ మామ కుళ్లాయప్ప మందను తోలుకోని వలస పోయేటప్పుడంతా ఇట్లనే చేసేటోళ్ళం. కంబళి పరిచి, బండారు సల్లి, బొరుగులు బెల్లం పెట్టి మొక్కినాకనే మంద కదిలేది. యాడ తిరిగినా క్షేమంగా ఇల్లు చేరేటోడు. ఇప్పుడు మంద ల్యా. ఈ బండే ఉండాది. ఆ ఘాటులో లారీలు ఎట్లొస్తాయో నాకు తెలీదా? ఒక్కదానివే పోతావు. నాకు బయం కాదా?"

"దానికి ఇంజనులో పెడతారా ఎవరైనా?"

"దాని పాణం ఉండేది ఆడనే కదా! కొత్త బండి తెచ్చినప్పుడు శివ మూత తెరిచి సూపిచ్చినాడు. ఆడ నువ్వు ఆ కంపు కొట్టే ఉండలు పెడితివి. దేవునికి పెట్టే తావులో కంపేంది అని తీసేస్తి. పారేయబుద్ధి కాక పెట్టెలో ఏసుకుంటి. తెల్లారి సూస్తే ఒక్క బొరుగు మిగిలేది కాదు, కంబళి గూడా ఉండేది కాదు. నా సామి తీసుకున్నాడని ఎంత మురిసిపోతినో!"

లక్ష్మీప్రియ కోపం ఇంకా దిగలేదు. "మరి కారు చెడితే ఎందుకు సంతోషపడినావు? నేను చూడలేదనుకున్నావా? నిజం చెప్పు. నేను పోవడం నీకు ఇష్టం లేదు కదా?"

"లేదు."

అంత సూటిగా వస్తుందనుకోలేదు లక్ష్మీప్రియ.

"అబద్ధం సెప్పను. బండారు పెట్టింది నువ్వు సల్లంగా పోయిరావాలని. బండి కదలకపోతే మాత్రం సంతోషపడినా. సామే నిలబెట్టినాడనుకుంటి. మీ యమ్మ మంచం పట్టింది. పోతే ఆడనే ఉండిపోతావు. పిల్లను గూడా ఆడనే బడిలో ఏస్తావు. శివ దేశం కాని దేశంలో. ఇంక ఈ ఇంట్లో నేను గోడలతో మాట్లాడుకోవాల్నా?"

"ఉండిపోతానని ఎవరు చెప్పినారు? అమ్మను ఈడికే తెస్తానని కదా నేను..."

"నాకెప్పుడు సెప్పినావు?" అక్కమ్మ ముఖంలో ముఖం పెట్టి అడిగింది. "మొగునికి సెప్తావు, మీ యమ్మకు సెప్తావు. నాతో మాత్రం పోతాండా అంటావు, అంతే. ఎందుకు పోతాండావో, ఎప్పుడొస్తావో ఒక్క పొద్దన్నా సెప్పినావా పాపా?"

లక్ష్మీప్రియకు అప్పుడర్థమైంది. శివ చెప్పలేదన్నమాట! తనూ అడగలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుండలో అన్నం తింటూ, ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి కువైట్ నుంచి కబురు చేయించాలనుకుంది. పైగా ఆ మనిషి మౌనంగా ఉందని నింద వేసింది.

అంతలో ఇంజను లోపలినుంచి ఏదో సన్నగా కీచుమంది.

ఇద్దరూ వంగారు. లక్ష్మీప్రియ ఫోను లైటు వేసింది. కింద, ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనక నల్లటి ఉన్ని గూడు. కంబళి ముక్కలన్నీ పీచులు పీచులుగా పీకి మెత్తటి పరుపు చేసుకున్నాయి. అందులో కళ్ళైనా తెరవని ఎర్రటి ఎలుక పిల్లలు. చుట్టూ బొరుగుల పొట్టు. పక్కనే కొరికి ఉన్న వైరు.

అక్కమ్మ కారు చక్రానికి ఆనుకుని నేల మీద కూలబడింది.

"సామి కాదా తిన్నింది! పిలిచి, పరుపేసి, అన్నం పెట్టింది నేనేనా? నా చేతులతో నేనే నీ దారికి అడ్డం పడితినా?" అని తల కొట్టుకోబోయింది.

లక్ష్మీప్రియ ఆ చేతులు పట్టుకుంది. "నేను అన్న మాటకంటే అది పెద్దదా అత్తా? చేతబడి అంటిని నిన్ను!" అంటూనే ఏడ్చేసింది. అక్కమ్మ ఆమె తల ఒళ్ళోకి లాక్కుంది. కాసేపు ఏ తప్పు ఎవరిదో లెక్క లేకుండా ఇద్దరూ ఏడ్చారు.

మరునాడు లాల్ బాషా వచ్చి గూడు చూసి పకపకా నవ్వాడు. "ఏంది అవ్వా, ఎలకలకు పురుడు పోస్తాండావా?" అన్నాడు. అక్కమ్మ కూడా నవ్వక తప్పలేదు. అతను పిల్లల్ని రేకు డబ్బాలో వేసుకుపోయి ఊరి బయట వదిలొచ్చి, ఇంజను కడిగి, వైర్లు మార్చాడు. ఈసారి తాళం తిప్పగానే కారు బుర్రున అందుకుంది.

"పోయొస్తా అత్తా. అమ్మను తీసుకోని మాపటికి వచ్చేస్తా" అంది లక్ష్మీప్రియ.

"నేనూ వస్తా ఉండు" అని అక్కమ్మ కొంగు బిగించింది.

ఘాటు ఎక్కి దిగేదాకా ముసలామె కళ్ళు మూసుకుని సామిని తలుచుకుంటూనే ఉంది. చీనీ తోటలు మొదలయ్యాకే కళ్ళు తెరిచింది.

పులివెందులలో ఉమాదేవి అనుకున్నట్టే అడ్డం తిరిగింది. "నా బిడ్డనిచ్చిన ఇంట్లో వచ్చి పడుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? అల్లుని కూడు తింటాందని అనరా? నేను రాను. నువ్వు అప్పుడప్పుడూ వచ్చి చూసిపో, చాలు."

"అమ్మా, నా మాట విను..." లక్ష్మీప్రియకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

అక్కమ్మ ఆమెను పక్కకు జరిపి మంచం మీద కూర్చుంది.

"నీ అల్లుడు కువైట్‌లో ఉండాడు వదినా. ఆ ఇల్లు నాది. పిలుస్తాండేది నేను."

"అది కాదు వదినా..."

"ఇంకోమాట గూడా విను. నువ్వు రాకపోతే ఈ పాప ఆడ ఉండలేదు. అన్నం ముందర కూర్చోని నిన్ను తలుచుకుంటాది. ఏదో ఒక పొద్దు పిల్లను ఎత్తుకోని ఈడికే వచ్చేస్తాది. అప్పుడు నా గతేంది?" అక్కమ్మ ఉమాదేవి చెయ్యి పట్టుకుంది. "నీకు ఉపకారం చేద్దామని రాల్యా నేను. నన్ను ఒంటిదాన్ని చెయ్యొద్దని అడగనీకి వచ్చినా. నా కోసం రా వదినా."

ఇన్నాళ్ళుగా కూతురు బతిమాలితే కరగని ఉమాదేవి, చెంగుతో కళ్ళు అద్దుకుంది. ఒకరికి బరువు కాబోతున్నానని భయపడిందే గాని, తను ఒకరికి కావాలని ఆమె అనుకోనే లేదు.

"ఆ దండెం మీద చీరలు తియ్యి పాపా," అంది కూతురితో. "అన్నీ తియ్యి."