వాన వద్దన్నవాడు

"ఏమప్పా, నీకు బుద్ధుండాదా? ఎవరు పోయమన్నారు నీళ్లు?"

యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ వెనక, పచ్చని వల కప్పిన షెడ్డులో అరుణజ్యోతి అరిచిన అరుపుకు ఓబులేష్ చేతిలోని బకెట్టు జారింది.

"సెనక్కాయ చెట్లు ఎండిపోతాండాయి మేడం. చూస్తా చూస్తా ఎట్ల ఊరుకునేది?"

"ఎండబెట్టింది నేనేనయ్యా!"

ఆ డిపార్ట్‌మెంట్‌లో ఒక గదిలో పాము విషం, ఇంకో గదిలో షుగరు జబ్బుకు నేరేడు గింజలు, మూడో గదిలో పట్టుపురుగులు. అరుణజ్యోతిది కరువు. నీళ్లు ఆపేస్తే వేరుశెనగ ఆకుల్లో ఏ ఎంజైములు పెరుగుతాయో, ఏ రకం తట్టుకుంటుందో ఆమె చూడాలి. షుగరు గదిలో నిన్ననే రీసెర్చికి చేరిన శింగనమల రైతుబిడ్డ ఓబులేష్‌కు ఆ సంగతి ఎవరు చెప్పారు గనుక!

మళ్లీ విత్తనం నుంచి మొదలు. "ఈ ఎండాకాలంలో థీసిస్ ఇయ్యకపోతే చదివింది చాలు, ఇంటికి రా" అని ధర్మవరంలో మగ్గం నేసే వాళ్ల నాయన ముందే చెప్పేశాడు. అరుణజ్యోతికి ఏడుపొచ్చింది.

మరునాటి నుంచి ఓబులేష్ తన పని ముగించుకుని షెడ్డుకు వచ్చేవాడు. మట్టి కలిపాడు, కుండీలు నింపాడు, విత్తాడు. ఆమె పలకనే లేదు. మొలకలు వచ్చాక మాత్రం నవ్వింది. ఆ నవ్వుతో అబ్బాయి పని అయిపోయింది.

నీళ్లు ఆపే రోజు రానే వచ్చింది. ఆకులు వాలిపోతుంటే అతను అటు తిరిగి నిలబడ్డాడు.

"ఏమైంది?"

"చూడలేను. చేను ఇట్ల వాడిపోతే మా నాయన అన్నం ముట్టడు."

మిగిలిన కాస్త కోపమూ ఆ మాటతో పోయింది. ఆమెకు అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేదు.

తెల్లవారితే పరీక్షకు ఆకులు కోయాలనగా సాయంత్రం మబ్బు పట్టింది. వలలోంచి వాన దిగితే అంతే సంగతులు. ఆమె పరుగున వచ్చేసరికి ఓబులేష్ కుండీల మీద టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా రెండు చేతులా అదిమి పట్టి, తడిసి ముద్దవుతున్నాడు.

"పిచ్చోడా, జరమొస్తాది!"

"పొద్దున్నుంచి వాన రావద్దని మొక్కుకుంటాండా. మా ఊర్లో తెలిస్తే తంతారు."

"మరెందుకు మొక్కుకున్నావ్?"

"నువ్వు ధర్మవరం పోకూడదని. నువ్వంటే నాకు శానా ఇష్టం అరుణా."

ఆమె టార్పాలిన్ రెండో కొస పట్టుకుని అతని పక్కనే కూర్చుంది. కుండీల్లో మట్టి పొడిగానే ఉంది.

"వాన నిలిచేదాకా పోవద్దు" అంది.

"నిలిచినాంక?"

"నిలిచినాంక కూడా."