మూడోసారి మార్చిన వానపాములు

"మళ్ళీ ఎర్రవేనా!" డెలానీ ఆ కవరును కౌంటర్ మీద పడేసింది.

వెండెల్ చెవులు వేడెక్కాయి. మూడు శనివారాలుగా ఇదే తంతు. టెక్సాస్ తూర్పు కొసన సరస్సు ఒడ్డున ఉన్న డెలానీ నడిపే ఈ చేపల ఎరల కొట్టుకు వస్తాడు. ఆకుపచ్చ ప్లాస్టిక్ వానపాములు కావాలంటాడు. తీరా తొట్టిలోంచి ఎర్రవి ఏరుకుని వెళ్ళి, పది నిమిషాల్లో తిరిగొస్తాడు.

"నీళ్ళు ఇంత తేటగా ఉంటే ఎర్ర పాము దేనికయ్యా? బాస్ చేపలు నవ్విపోతాయి." కవరు మార్చి ఇస్తూ గొంతు తగ్గించింది. "నాతో మాట్లాడాలనుంటే మాట్లాడొచ్చు. ఇన్ని వేషాలక్కర్లేదు."

వెండెల్ కవరు అందుకున్నాడు. ఒడ్డున ఉన్న తన చిన్న పడవ, కయాక్ ఎక్కేశాడు.

అతని కళ్ళకి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపిస్తాయి. మొదటిసారి ఒడ్డున ఎవరో ఎర్రవేంటని అడిగితేనే తప్పు తెలిసింది, రెండోసారీ అంతే. నాన్నలా కరెంటు పని చేద్దామనుకున్నాడు. పద్దెనిమిదో ఏట కంటి పరీక్షలో ఆ ఆశ పోయింది. ఇప్పుడు స్కూలు బస్సుల బ్రేకులు బాగుచేస్తున్నాడు. రంగుల సంగతి అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అయ్యో పాపం అనే చూపంటే అతనికి పడదు. పైగా నిజం చెబితే డెలానీ ముఖంలో ఆ నవ్వు ఉంటుందా?

మధ్యాహ్నమయ్యేసరికి ఎగువన పడ్డ వాన నీరు వచ్చి కలిసింది. సైప్రస్ చెట్ల మొదళ్ళ చుట్టూ బురద తిరుగుతోంది. ఒక్క చేపా పడలేదు.

"ఇంకా పచ్చదేనా? మార్చు, మార్చు!" కొట్టు మామయ్యకి అప్పగించి, తన కయాక్‌లో వచ్చేసింది డెలానీ. "బురదలో ముదురు రంగుండాలి. ఊదాది తగిలించు."

వెండెల్ డబ్బా తెరిచాడు. నీలం, ఊదా పక్కపక్కనే ఉన్నాయి. చెయ్యి జేబులోని ఫోన్ దాకా వెళ్ళి ఆగింది.

"ఏది?" అన్నాడు చివరికి. "నాకు తెలీదు డెలానీ. రంగులు తెలీవు." మొత్తం చెప్పేశాడు, కంటి పరీక్షతో సహా.

ఆమె తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది. "అయితే నా కోసం కాదన్నమాట. నేనే పిచ్చిదాన్ని, ఏదో ఊహించుకుని..."

"మొదటి రెండుసార్లు కాదు."

"మరి?"

"మొన్న ఫోన్‌లో రంగు చెప్పే యాప్ పెట్టుకున్నాను. ఇవాళ ఎర్రవని తెలిసే తీశాను."

డెలానీ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆగలేదు. అతని డబ్బాలోంచి ఊదా పామును తీసి, తనే గాలానికి గుచ్చి నీళ్ళలోకి వదిలింది.

"సరే, నా కళ్ళు ఏ రంగు?"

"ఎలా చెప్పను? పచ్చో, గోధుమో..."

"ఫోన్ తియ్యవేం?"

"ఫోన్ మాట నమ్మను. దగ్గర్నుంచి చూసి నేనే తేల్చుకుంటాను."

"రా మరి." ఆమె అతని కయాక్ అంచు పట్టుకుని దగ్గరకి లాక్కుంది. రెండు పడవలూ మెల్లగా ఒరుసుకున్నాయి.

గాలం కర్ర ఒక్కసారి వంగింది. వెండెల్ చెయ్యి అటు పోయింది.

"చేపకేం తొందర," అంది డెలానీ ఆ చెయ్యి పట్టుకుని. "ముందు ఇటు చూడు."