గట్టిగ ఊదు తమ్మీ

అమీర్‌పేట దాటి పంజాగుట్టకు పోతుంటే మెట్రో పిల్లర్ల కింద ఒక మలుపుంది. పొద్దంతా జనం ఒకరినొకరు తోసుకునే చోటే. షట్టర్లు దిగాక మాత్రం ఎంత బేరమొచ్చినా ఆటోవాళ్లు అక్కడ బండి ఆపరు. అక్కడ తాగుబోతుల చెకింగ్ పెడితే ఊపిరి చూసే మిషన్ మొండికేస్తుందని పోలీసోళ్లలోనే గుసగుస... హోంగార్డు నరేశ్ ఆ మాట విని నవ్వేవాడట — ఆ రాత్రి దాకా.

అప్పుడే వాన వెలిసింది. నగల షాపు బోర్డు వెలుగు తడిరోడ్డు మీద పట్టుచీర ఆరేసినట్టు పరుచుకుంది. అంత అందం మధ్య నిలబడి నరేశ్ చేసే పనేమో — దారిన పోయేవాళ్ల నోట్లో పైపు పెట్టడం! బీరు కంపు, గుట్కా కంపు, ఉల్లిపాయ తేన్పులు. ఊదమంటే ఒకడు చేతిమీదే ఉమ్మేశాడు. ఎంత తుడిచినా జిగట పోలేదు.

అంతకన్నా రోత పుట్టించింది ఎస్సై ఫణీంద్ర పని. పెద్ద కారులో ఒకాయన తూలుతూనే ఫోన్ చాపాడు. ఎస్సై రెండు మాటలు విని, "వెళ్లండి సార్, జాగ్రత్త" అని సలాం కొట్టాడు. వెంటనే ఇటు తిరిగి, "బైకులు ఆపవయ్యా, కేసులు రావాలి!" అన్నాడు.

అప్పుడొచ్చింది ఒక బైకు... చప్పుడే లేకుండా. వెనక అన్నం పార్సిళ్ల సంచి. నడిపేవాడికి పాతికేళ్లుంటాయి. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"పేరేంది తమ్మీ?"

"దుర్గేష్... జర పైపు మార్చన్నా. ఎవని ఎంగిలో ఏందో."

"ఎంగిలంట!" ఎస్సై నవ్వాడు. "అత్తారింటి మర్యాదలు చేయాలా నీకు? ఉన్నదాంట్లోనే ఊదు!"

నరేశ్‌కు ఒళ్లు మండింది. కొత్త పైపు అడగడం వాడి హక్కు. వాడి కళ్లముందే కవరు చింపి కొత్తది బిగించాడు.

దుర్గేష్ ఊదాడు. మిషన్ మీద అంకె పడలేదు.

"గట్టిగ ఊదు తమ్మీ..."

బుగ్గలు పొంగాయి. కళ్లు బయటికొచ్చాయి. అయినా — ఏమీ లేదు. నరేశ్ పైపు చివర వేలు పెట్టి చూశాడు... గాలి తగల్లేదు.

"నాటకాలు!" ఎస్సై అరిచాడు. "ఊదనన్నాడని కేసు రాయి. బండి పక్కన పెట్టించు. లైసెన్సు కూడా పోతుంది, అప్పుడు తెలుస్తుంది వీడికి."

దుర్గేష్ చేతులు జోడించాడు. "నేను తాగలే సార్! లైసెన్సు పోతే నౌకరీ పోతది. పని లేనోనికి మమతనిచ్చి పెండ్లి చెయ్యరంట వాళ్లింట్ల సార్..."

ఆ పేరు పలికేటప్పుడు వాడి గొంతు ఎంత మెత్తబడిందో! ఎస్సై మాత్రం పళ్లు కుట్టుకుంటూ పక్కకు పోయాడు. ఛీ, ఏం మనిషి అనుకున్నాడు నరేశ్. దుర్గేష్ చెవి దగ్గరికి వంగాడు.

"ఫికర్ చెయ్యకు... ఊదరాకుంటే దవాఖానల రక్తం తీయించుమని అడుగు. అది సుత నీ హక్కే. రక్తంల మందు లేదని తేలితే, నీ లైసెన్సు ఎవడు గుంజుకుంటడు?"

దుర్గేష్ తలెత్తి చూశాడు.

"మంచోనివన్నా. ఇన్నిసార్లు ఆపిన్రు... గీ మాట ఒక్కడు సుత చెప్పలే."

మెల్లగా చొక్కా చెయ్యి మడిచి ముందుకు చాపాడు. నరేశ్ ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఐసుగడ్డ... నాడి కోసం వెతికాడు. లేదు.

"గని అన్నా..." దుర్గేష్ గుసగుసలాడాడు. "సూది గుచ్చితే ఏమొస్తది? నా రక్తమంతా గీడనే పోయింది గదా... నువ్వు నిలబడ్డ కాడ్నే."

నరేశ్ కిందికి చూశాడు. బూట్ల చుట్టూ ఎర్రటి తడి. సిగ్నల్ ఎరుపేమో... అనుకున్నాడు.

సిగ్నల్ పచ్చకు మారింది.

బూట్ల కింది ఎరుపు — మారలేదు.